దిగులుంటేనే బిళ్లలు

కొత్తలంకపాడులో పుల్లంరాజుకి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి ఆయన హోటల్లో పెసరట్టు, రెండోది ఆయన సంతోషం. పెసరట్టు రుచి తిన్నవాళ్లకే తెలుస్తుంది గానీ, సంతోషం మాత్రం రేవు దాకా వినిపించేది. పెనం మీద పిండి తిప్పుతూ, ఎదురుగా కూచున్నవాణ్ణి ఎవణ్ణో ఒకణ్ణి ఆటపట్టిస్తూ, తన మాటకి అందరికంటే ముందు తనే పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వుకి పొట్ట ఊగేది, పొట్టతో పాటు బల్ల ఊగేది, బల్ల మీద చట్నీ గిన్నెలు ఊగేవి.

ఆయనకి సుగరు వచ్చి పన్నెండేళ్లయింది. దాన్ని పగవాడిలా చూడలేదు, ఇల్లరికం వచ్చిన అల్లుడిలా చూశాడు. పొమ్మనలేం, వేళకి పెట్టాల్సింది పెట్టి ఊరుకోవాలి. పెట్టాల్సిందల్లా పొద్దున ఒక బిళ్ల, సాయంత్రం ఒక బిళ్ల. ఆ బిళ్లలు ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నెలకోసారి, మొదటి మంగళవారం ఇచ్చేవారు. అవి పడుతున్నంత కాలం సుగరు అదుపులో ఉండేది. నోరు మాత్రం ఏ బిళ్లకీ అదుపులోకి రాలేదు.

ఇలా ఉండగా పైనుంచి ఒక పథకం దిగింది.

రోగులకి ఒళ్లు చూస్తున్నాం సరే, మనసెవరు చూస్తారని రాజధానిలో ఎవరో పెద్దమనిషికి అనిపించింది. అనిపించడంలో తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి రోగంతో కాపరం చేసేవాడికి మనసు కుంగడం నిజమే, దాన్ని పట్టించుకునే నాథుడు లేకపోవడమూ నిజమే. కానీ ఆ మంచి ఆలోచన రాజధానిలో బయల్దేరి, కమిటీల్లో నాని, టెండర్లలో ఎండి, కొత్తలంకపాడు చేరేసరికి చేతికి తొడుక్కునే నల్ల రబ్బరు పట్టీగా తేలింది. పట్టీ పేరు మనోకంకణం. పథకం పేరు మనోల్లాసం.

దాన్ని ప్రారంభించడానికి జిల్లా మనోల్లాస సమన్వయాధికారి విశ్వేశ్వరంగారు స్వయంగా వేంచేశారు. ఆయన మామూలు మాట మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా "లవణ లోపము గమనించడమైనది" అంటారని ఆయన డ్రైవరే చెప్పాడు.

"దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తుల యందు విషాదము నిగూఢముగా నుండునని నిపుణుల సంఘము వారు నిర్ధారించియున్నారు. కావున ఇకమీదట ఔషధ పంపిణీ సమస్తము మనోల్లాసమునందు విలీనము చేయబడినది. ముందు మనసు, ఆపైన మందు. ఇదియే మన నినాదము" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. మందు అన్న మాట ఒక్కటే చెవిన పడి, దారిన పోతున్న ఇద్దరు లోపలికొచ్చి కూచున్నారు.

పద్ధతి చాలా తేలిక. నర్సు సువార్త తొమ్మిది ప్రశ్నలడిగి జవాబులు ట్యాబ్‌లో నొక్కుతుంది. తర్వాత చేతికి కంకణం తొడుగుతుంది. మనిషికి దిగులుంటే కంకణంలో ఎర్ర దీపం వెలుగుతుంది, బాగుంటే పచ్చ దీపం. అక్కణ్ణించి కంకణం రాత్రింబవళ్లు ఆ మనిషి గొంతు వింటూ, గొంతును బట్టి దీపం మార్చుకుంటూ ఉంటుంది. ఎర్ర దీపం వాళ్లు పథకంలో ఉన్నట్టు. వాళ్ల పేరు మీద అనుమతి సంఖ్య వస్తుంది, అది చూపిస్తే బిళ్లలిస్తారు. పచ్చ దీపం వాళ్లకి కష్టం తీరినట్టు. వాళ్లకి పథకం నుంచి విముక్తి, దాంతోపాటే బిళ్లల నుంచీ విముక్తి. అనుమతి సంఖ్య లేకుండా ఒక్క బిళ్ల చెయ్యి జారినా డాక్టరు జీతంలో కోత పడుతుంది.

మొదటి మంగళవారం వరసలో అందరికంటే ముందు తాతారావు నించున్నాడు. బీపీ మనిషి, పుల్లంరాజుకి చిన్ననాటి నేస్తం. ఈ మధ్య సంతోషంగా ఉంటున్నారా అని సువార్త అడిగింది.

"ఏం సంతోషంలేమ్మా. ఏదో ఇలా ఈడుస్తున్నాం" అన్నాడు తాతారావు. ఆయన కొన్న కొత్త మోటారుసైకిలు, నిమ్మకాయల దండ ఇంకా వాడకుండా, బయట వేపచెట్టు కింద మెరుస్తోంది.

ఇందులో అబద్ధమాడే ఉద్దేశం ఏమీ లేదు. కొత్తలంకపాడులో బాగున్నామని ఎవరూ చెప్పరు. చెబితే దిష్టి. ప్రభుత్వం మనిషికైతే అసలే చెప్పరు. అప్పుడెప్పుడో సర్వేకి వచ్చినవాళ్లతో, దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు నాయనా అన్న పాపానికి ఒక ముసలమ్మకి పింఛను ఆగిపోయింది. అప్పట్నించీ ఊళ్లో పిల్లలకి ఉగ్గుతో పాటే ఈ నీతి కూడా పోస్తున్నారు: కుశలం అడిగినవాడి జేబులో పెన్ను ఉంటే మూలగాలి.

అందుకని వరసలో అందరూ మూలిగారు. నిద్ర లేదన్నారు, ఆకలి లేదన్నారు, బతుకు మీద ఆశే లేదన్నారు. అంటూనే సువార్తకి కనపడకుండా మరమరాల ఉండలు కొరుక్కున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి వరండా నిండా ఎర్ర దీపాలు వెలిగాయి. విశ్వేశ్వరంగారి ఆనందానికి మేర లేదు. ఇంతటి విషాద సంపద జిల్లాలో మరే మండలమునందును వెలికిరాలేదని అక్కడికక్కడే పైవాళ్లకి ఫోన్ చేశారు.

అప్పుడు పుల్లంరాజు వంతు వచ్చింది. వాళ్లమ్మ ఆయనకి ఉగ్గు సరిగ్గా పోసినట్టు లేదు. అడిగిందానికి అడిగినట్టు ఉన్నమాట చెప్పేశాడు.

"నిద్రకేం తక్కువమ్మా. తలగడ మీద తల ఆనితే చాలు, మీ పిన్ని మొహాన నీళ్లు చల్లితే గానీ లెగను. ఆకలి సంగతి మీ పిన్నినే అడుగు, బియ్యం డబ్బా ఎక్కడ దాచాలో తెలీక చస్తంది. బతుకు మీద ఆశంటావా, వచ్చే నెల్లో ఉల్లి పెసరట్టు మొదలెడదాం అనుకుంటన్నాను."

కంకణంలో పచ్చ దీపం వెలిగింది. అభినందనలు, మీ ప్రయాణం పూర్తయింది అని ట్యాబ్‌లో ఒక ఆడగొంతు పలికింది. ప్రయాణం పూర్తవడమేంటని పుల్లంరాజు కాస్త కంగారుపడ్డాడు. సువార్త చిన్నబోయిన మొహంతో, బాబాయ్ గారూ, మీకు బిళ్లలు రావండీ అని చెప్పింది.

డాక్టర్ ప్రణీత ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ పిల్లకి ఇంకా లోకం అర్థమయ్యేట్టు చెప్పొచ్చన్న నమ్మకం ఉంది. ఈయన మనసు బాగుందంటే సుగరు పోయినట్టు కాదు కదా అని విశ్వేశ్వరంగారికి చెప్పి చూసింది. సంతోషవంతునికి ఔషధమిచ్చుట నిండిన కుండలో నీరు పోయుట వంటిదని ఆయన సెలవిచ్చారు. అయినా ప్రభుత్వము ఎవరికిని అన్యాయము చేయదు, దిగులు కలిగినచో ఎప్పుడైనను వచ్చి చూపించుకొనవచ్చును, అందాకా కంకణము చేతనే యుండవలెను, తలుపులు తెరిచియుండును అని పుల్లంరాజు భుజం తట్టి జీపెక్కారు.

దిగులు తెచ్చుకోవడం అంత బ్రహ్మవిద్యా అని పుల్లంరాజు అనుకున్నాడు. ఆ విద్యలో ఊళ్లో తాతారావుని మించినవాడు లేడు. ఆయన అరుగు మీదే పాఠం మొదలైంది. ముందు భుజాలు వంచమన్నాడు తాతారావు. మాటకి ముందొక నిట్టూర్పు, వెనకొక నిట్టూర్పు పెట్టమన్నాడు. లోపల నిజంగా ఏదైనా దుఃఖం తలుచుకుంటే గానీ కంకణం నమ్మదని చెప్పాడు.

పుల్లంరాజు కళ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. చివరికి పోయిన ఏడాది చచ్చిపోయిన గేదె గుర్తొచ్చింది. బంగారంలాంటి గేదె అని మొదలెట్టాడు. పూట తప్పకుండా పాలిచ్చేది అన్నాడు. గొంతు కాస్త బొంగురుపోయింది. దీపం పచ్చదనం తగ్గి ఊగిసలాడింది. కానివ్వు కానివ్వు అన్నాడు తాతారావు. ఓనాడు పంచాయతీ ఆఫీసులో సన్మానం జరుగుతుంటే ఆ గేదె కిటికీలోంచి తల పెట్టి ప్రెసిడెంటుగారి మెళ్లో పూలదండ మెడ మీదే నమిలేసింది అన్నాడు పుల్లంరాజు. అంతే, ఆ దండతో పాటు ప్రెసిడెంటుగారు కూడా కిటికీ వైపు సాగిపోవడం కళ్ల ముందు మెదిలింది. పొట్ట ఊగడం మొదలైంది. తాతారావు వద్దురా వద్దురా అంటూనే తనూ నవ్వేశాడు. వెంటనే తన కంకణం వంక చూసుకుని గతుక్కుమన్నాడు. ఎర్ర దీపం పసుపు రంగుకి దిగింది.

ఆ పసుపు రంగుతో ఊరికి అసలు సంగతి తెలిసొచ్చింది. నవ్వితే దీపం దిగుతుంది. బాగా నవ్వితే పచ్చబడుతుంది. పచ్చబడితే బిళ్లలు పోతాయి.

అక్కణ్ణించి కొత్తలంకపాడులో దిగులు ఒక వ్యవసాయం అయిపోయింది. ప్రతి ఉదయం కంకణాల్లోంచి ఆడగొంతు, మీరు ఒంటరి కాదు, ఒకసారి నిండుగా గాలి పీల్చండి అని పలికేది. చేలో కలుపు తీస్తున్నవాళ్లు, రేవులో బట్టలుతుకుతున్నవాళ్లు అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి గాలి పీల్చి, మా బతుకులింతేలెండి అని కంకణానికి వినపడేట్టు జవాబు చెప్పేవారు. పెళ్లిళ్లలో పెళ్లికూతురి తరపు బీపీవాళ్లు ముక్కు చీదుతూ విందు భోంచేశారు. మనవడు పుట్టాడని కబురొస్తే ఒకావిడ కంకణం చేతిని ధాన్యపు గాదెలో మోచేతి దాకా దూర్చి, అప్పుడు నవ్వింది. విశ్వేశ్వరంగారు మాత్రం నెల నెలా కోలుకున్నవారి సంఖ్య ఒకటిని మించుట లేదు, సంజాయిషీ ఇవ్వవలెను అని డాక్టరమ్మకి తాఖీదులు పంపేవారు. సంజాయిషీ ఇవ్వడానికి కూచుంటే ఆ పిల్లకి నిజంగానే ఏడుపొచ్చేది.

ఈ గొడవలో పుల్లంరాజు హోటల్ ఎవరూ చెప్పకుండానే నిషేధం అయిపోయింది. సుగరు, బీపీ లేని ఇల్లు ఊళ్లో లేదు. పెసరట్టు కోసం వచ్చి ఆయన నోటికి దొరికితే నవ్వకుండా బయటపడ్డ మనిషీ లేడు. ఒకళ్లిద్దరు చెవుల్లో దూది పెట్టుకొచ్చి తినిపోయారు. తర్వాత వాళ్లూ మానేశారు. తాతారావు ఆ వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలెట్టాడు. ఎదురుపడ్డ రోజున కూడా తల వంచుకుని, ఏమనుకోకురా, నా బీపీ సంగతి నీకు తెలుసుగా అని గొణిగి దాటిపోయాడు.

మొదట్లో పుల్లంరాజు రేవు దాటి టౌన్లో మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కున్నాడు. గల్లాపెట్టె ఎండిపోయాక మానేశాడు. అరికాళ్లు మండటం మొదలైంది. దాహం వేసేది. పెనం ముందు కూచుని, రాని జనం కోసం వీధి వంక చూసేవాడు. కొన్నాళ్లకి పెనం వెలిగించడం మానేశాడు. ఆపైన మాట్లాడటం మానేశాడు.

ఆయన భార్య మంగతాయారుకి ఆ నోరు మూతపడితే బాగుణ్ణని పాతికేళ్లుగా మొక్కులుండేవి. ఇప్పుడది మూతపడ్డాక ఇంట్లో ఉండలేకపోయింది. కావాలని కూరలో ఉప్పు ఎక్కువేసింది. ఆయన ఒక్క వెక్కిరింత లేకుండా తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ వంటింట్లోకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కంకణం మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. మాటలో దిగులుందేమో వెతకడమే దాని పని. మాటే లేకపోతే దిగులెక్కడ దొరుకుతుంది? నోరు విప్పని మనిషి లెక్క దాని శాస్త్రంలో ప్రశాంతత. పుల్లంరాజు గోడ వైపు తిరిగి పడుకున్నన్నాళ్లూ ఆయన ప్రశాంతత పెరుగుతూ పెరుగుతూ పోయింది. మండలం దాటింది, జిల్లా దాటింది. రాష్ట్రంలో అంతటి ప్రశాంతుడు మరొకడు లేడని తేలేసరికి విశ్వేశ్వరంగారు శాలువా కొనుక్కుని బయల్దేరారు.

ఆరోగ్య కేంద్రం వరండాలో సభ పెట్టారు. ఊరంతా వచ్చి, దీపాలు కాపాడుకుంటూ దిగులుగా కూచున్నారు. పుల్లంరాజుని ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూలేశారు. చొక్కా వదులైపోయింది, బుగ్గలు దిగిపోయాయి. విశ్వేశ్వరంగారు శాలువా కప్పి, నేటి నుండి వీరు సంతోష రాయబారిగా వ్యవహరింతురు అని ప్రకటించారు. తర్వాత మైకు ఆయన మూతి దగ్గర పెట్టి, తమరి మానసిక స్థితి ఎట్లున్నదో సభాముఖముగా సెలవీయవలెను అన్నారు.



"బాగానే ఉన్నానండి" అన్నాడు పుల్లంరాజు.

దీపం పచ్చగా మెరిసింది. విశ్వేశ్వరంగారు చప్పట్లు మొదలెట్టారు. ఆయన చప్పుడు ఆయనకే వినిపించింది, ఎందుకంటే ఊళ్లో మరెవరూ కొట్టలేదు. ఆ రెండు ముక్కలూ విని తాతారావు తల దించుకున్నాడు. ఆ ఊళ్లో మనిషి మూలిగితే ఎవరూ పట్టించుకోరు. పుల్లంరాజు రెండు ముక్కల్లో మాట ముగించాడంటే మాత్రం ప్రాణం మీదకి వచ్చిందన్నమాట.

మంగతాయారు వరండా ఎక్కింది. సభలో మాట్లాడటం ఆవిడకి అదే మొదలు. మైకు ఎలా పట్టుకోవాలో తెలీక దాన్ని పక్కకి తోసేసింది.

"అయ్యా, మా ఇంటాయన బాగోలేదండి. ఈ మనిషి ఊరుకుంటే ప్రశాంతం కాదండి, చావు. నాలుగు నెలల్నించి నన్నొక్క మాట ఏడిపించలేదు. ఆ పచ్చలైటు మీ దగ్గరే అట్టేపెట్టుకోండి. మా బిళ్లలు మాకు పారెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

విశ్వేశ్వరంగారు రాయిలాంటి మనిషేమీ కాదు. చాలా నొచ్చుకున్నారు. కానీ భార్య యొక్క వాంగ్మూలము నమోదు చేయుటకు యంత్రమునందు మీట లేదని చెప్పారు. డాక్టర్ ప్రణీత అక్కడే పుల్లంరాజు వేలు గుచ్చి సుగరు చూసి, అంకె విశ్వేశ్వరంగారి కళ్ల ముందు పెట్టింది. మూడువందల ఎనభై. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆ సంఖ్య మధుమేహ విభాగమునకు చెందినది, ఆ విభాగము మాయందు విలీనమైనందున ప్రస్తుతము ఉనికిలో లేదు అన్నారు. ఫోటో దిగి వెళ్లిపోయారు.

జీపు దుమ్ము అణిగాక డాక్టరమ్మ మందుల గదిలోకి వెళ్లి స్టాకు పుస్తకం ముందేసుకుంది. రోగికి ఇవ్వాలంటే అనుమతి సంఖ్య కావాలి. తడిసి పాడైతే ఫోటోలు కావాలి. దొంగతనమైతే పోలీసు కాగితం కావాలి. అన్నిటికంటే కింద, ఏ కాలంలో ఎవరు పెట్టారో గానీ, ఎలుకలు తిన్నవి అని ఒక గడి ఉంది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ప్రభుత్వం ఎలుకల్ని నమ్ముతుంది.

ఆ గడిలో నెలకి సరిపడా బిళ్లలు రాసి, సంతకం పెట్టి, పట్టుకొచ్చి పుల్లంరాజు చేతిలో పెట్టింది. ఎలుకలు తినేశాయి సార్, మీరు గమ్మున ఇంటికెళ్లండి అంది. పుల్లంరాజు ఆ అట్టల వంకా ఆ పిల్ల వంకా మార్చిమార్చి చూశాడు. మెల్లగా పెదవి ఒక పక్కకి కదిలింది.

"ఎలకలకి కూడా సుగరేనా అమ్మా? నా పెసరట్లు తినుంటాయి" అన్నాడు. పాత నవ్వులో పావు వంతే గానీ, నవ్వే.

ఈ కబురు సాయంత్రానికి ఊరంతా పాకింది. ఎలుకల గడి ఉండగా ఇంక దిగులెందుకు? అందరూ కంకణాలు ఊడదీసి గేదెల కొమ్ములకి తొడిగేశారు. గేదెలు అరిచాయి గానీ ఆ అరుపులో కంకణాలకి దిగులేమీ దొరకలేదు. నెమరు వేస్తున్నంతసేపూ ప్రశాంతతే. వారంలో కొత్తలంకపాడు మొత్తం పచ్చబడింది. నూటికి నూరుపాళ్లూ కోలుకున్న తొలి గ్రామమని విశ్వేశ్వరంగారికి పతకం వచ్చింది. తాతారావు వరసగా మూడు పూటలు పుల్లంరాజు హోటల్లోనే కూచుని, తిట్లూ పెసరట్లూ కలిపి తిన్నాడు. ఆ వీధి వదిలి తిరిగినందుకు తిట్లు కాస్త ఎక్కువే పడ్డాయి.

రోగులెవరూ లేని ఆ ఊళ్లో ప్రతి మొదటి మంగళవారం ఎలుకలు బిళ్లలు తింటున్నాయి. సుగరువి, బీపీవి, ఏవీ వదలకుండా, డాక్టరు చెప్పిన మోతాదు ప్రకారం తింటున్నాయి. అలా కొన్ని నెలలు గడిచాక జిల్లా నుంచి తాఖీదు వచ్చింది. సువార్త దాన్ని వరసలో అందరికీ వినపడేట్టు చదివింది.

"మీ కేంద్రమునందలి మూషికములు క్రమము తప్పక ఔషధములు సేవించుచున్నందున అవి దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తములని భావించడమైనది. కావున సదరు మూషికములను మనోల్లాసమునందు చేర్చి, తొమ్మిది ప్రశ్నలు అడిగి, సమాధానములు తక్షణము పంపవలెను. సంతోషముగా నున్న మూషికములకు ఔషధము నిలిపివేయబడును."

ఎలుకలు బాగున్నాయని తేలితే ఊరంతటికీ బిళ్లలు పోతాయి. ఎవరు జవాబు చెబుతారని అందరూ తాతారావు వంక చూశారు. తాతారావు కదిలే లోపలే పుల్లంరాజు ముందుకెళ్లి చెయ్యి చాపాడు. సువార్త ఎలుకల పేరు మీద కొత్త కంకణం ఒకటి ఆయనకి తొడిగింది. వీడికెందుకురా బాబూ, చేతకాని పని అని తాతారావు తల పట్టుకున్నాడు.

నిద్ర పడుతోందా అని సువార్త అడిగింది.

"ఎక్కడి నిద్రమ్మా" అన్నాడు పుల్లంరాజు, భుజాలు కుంగదీసి. "కన్ను మూస్తే పిల్లి, తెరిస్తే బోను. ఆకలంటావా, సర్కారు గోడ కొరుక్కుని బతకతన్నాం, దాంట్లో సిమెంటు లేదు, అంతా ఇసకే. కడుపున పుట్టినోళ్లు కాన్పుకి పదిమంది, ఒక్కడూ ఇంటిపట్టున ఉండడు. ఇంకా ఎందుకున్నాం అంటే, ఈ డాక్టరమ్మ చేతి బిళ్ల ఒక్కటే తల్లీ మాకు దిక్కు."

చివరి మాట దగ్గర గొంతు నిజంగానే వణికింది. తన కోసం ఒక్క కన్నీటిబొట్టు తెచ్చుకోలేకపోయిన మనిషి, ఎలుకల కోసం ధారగా కార్చాడు. కంకణంలో దీపం ఎర్రబడింది. ఆ జిల్లాలో అంత ఎర్రగా ఎవరికీ వెలగలేదు. ట్యాబ్ రెండు నిమిషాలు ఆలోచించి, అతి తీవ్రం, జీవితాంతం ఔషధం మంజూరు అని పలికింది.

వరసలో జనం తువ్వాళ్లూ కొంగులూ నోళ్లకి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. పుల్లంరాజు ఎలుకల తరపున వేలిముద్ర వేసి, కంకణం ఊడదీసి సువార్తకిచ్చి, తన బిళ్లలు పుచ్చుకుని, పెనం వేడెక్కించాలి, నవ్వేదేదో అక్కడికొచ్చి నవ్వండి అని అందరికీ చెప్పి వెళ్లిపోయాడు.